అడవికోడికి కాపలా కాయడం వెట్టి కాదు, హక్కు



మీ ఊరి పక్క కొండ మీద తెల్లారుజామున అడవికోడి పుంజు కూస్తోందా? ఊరి పుంజు కూతలా సాగదు అది. పొట్టిగా ఉంటుంది, చివర టక్కున తెగిపోతుంది. ఒకటి కూస్తే అవతలి కొండ నుంచి ఇంకొకటి జవాబిచ్చేదని మన పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ జవాబు రావడం లేదు. అడవికోడి ఒక్కటే కాదు, కౌజు, పూరేడు, జిట్టకోడి, నేల మీద గూడు పెట్టే పిట్టలన్నిటిదీ దాదాపు ఇదే కథ.

ఎందుకు తగ్గాయని అడగండి. ఆఫీసులోనైనా, టౌన్లోనైనా ఒకటే జవాబు: "ఆదివాసీలు కొట్టుకు తిన్నారు." ఈ మాట మనకు కోపం తెప్పిస్తుంది. తెప్పించాలి కూడా. కానీ మన కోపంతో కోడి తిరిగి రాదు. అందుకే ఈ నాలుగు మాటలు. ఈ పిట్టల్ని తిరిగి పెంచే పని మనమే ఎత్తుకోవాలి. అయితే ఎవరో చెప్పారని కాదు, హక్కుదారులుగా ఎత్తుకోవాలి. ఈ తేడా చిన్నది కాదు.

ముందు ఆ నింద సంగతి చూద్దాం.

ఈ పిట్టలకు ఇంగ్లీషోడు పెట్టిన పేరు 'గేమ్ బర్డ్స్'. అంటే వేట సరదాకి పనికొచ్చే పిట్టలు. మనకు అది కూర, వాళ్లకు ఆట. 1912లో వాళ్లు అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం తెచ్చారు. అడవికోడి, కౌజు, పూరేడు ఆ జాబితాలో ఉన్నాయి. గుడ్లు పెట్టే కాలంలో కొట్టొద్దన్నారు. మిగతా కాలమంతా దొరల తుపాకులు పేలాయి. స్వాతంత్ర్యం వచ్చాక తెచ్చిన 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో కూడా చిన్న వేటకు, పెద్ద వేటకు లైసెన్సులు ఉండేవి. ఆ లైసెన్సులు పోయింది 1991 సవరణతో. అంటే చాలాకాలం తుపాకీ, కాగితం ఉన్నవాడు కొడితే షికారు, ఉచ్చు పెట్టినవాడు కొడితే దొంగతనం. ఎవరు ఎంత కొట్టారో లెక్క రాసినవాడు లేడు గానీ, నింద మాత్రం మన ఖాతాలో రాశారు.

అసలు ఈ పిట్ట బతకడానికి ఏం కావాలో చూడండి. మన తెలుగు నేల మీద అడవికోళ్లు రెండు రకాలు. గోదావరికి ఈశాన్యంగా ఉన్న కొండల్లో ఎర్ర అడవికోడి, దక్షిణం వైపు బూడిదరంగు అడవికోడి. గోదావరి చుట్టుపక్కల ఈ రెండింటి హద్దులు కలుస్తాయి. ప్రపంచంలో ఇంటి కోళ్లకు ప్రధానమైన పూర్వీకురాలు ఆ ఎర్ర అడవికోడే. పెట్ట పొద కిందో, వెదురు మొదట్లోనో నేలను గీరి, ఎండుటాకు పరుచుకుని ఐదారు గుడ్లు పెడుతుంది. ఇంటి కోడి లాగే సుమారు ఇరవయ్యొక్క రోజులు పొదుగుతుంది. పిల్లలు బయటపడగానే తల్లి వెంట నడుస్తాయి. మొదటి వారాల్లో వాటికి గింజలు చాలవు. చెదలు, చీమ గుడ్లు, పురుగులు కావాలి. పెద్దయ్యాక గింజలు, పండ్లు, వెదురు బియ్యం తింటాయి. రాత్రికి చెట్టెక్కుతాయి.

అంటే దానికి నాలుగు రకాల చోటు కావాలి. గూటికి పొద, పిల్లలకు పురుగులున్న నేల, గింజకు గడ్డి, బీడు, నిద్రకు చెట్టు. ఇవన్నీ పక్కపక్కన ఉండాలి. పోడు, బీడు, పొద, పెద్ద అడవి కలిసి ఉన్న మన పాత కొండలు అలాగే ఉండేవి. ఇప్పుడు అదే కొండ మీద వరసలు వరసలుగా నీలగిరి, జామాయిల్ చూడండి. కింద పొద లేదు, పురుగు లేదు, పండు లేదు. మ్యాపులో అది పచ్చగా కనిపిస్తుంది. కోడికి అది ఎడారి. పోడు భూముల్లో బలవంతంగా నాటిన మొక్కల్నీ, పరిహార వనాల పేరుతో నాటిన ఒకే జాతి తోటల్నీ అడవి లెక్కలో కలుపుతారు. వాటిలో అడవికోడి గూడు ఒక్కటి చూపించమనండి.

మైదానం దగ్గరి ఊళ్లలో ఇంకో కథ. పత్తి వచ్చింది, పత్తి వెంట పురుగుమందు, కలుపుమందు వచ్చాయి. గట్టు మీద గడ్డి మాడిపోయింది. కౌజు పిల్లకు పురుగు లేదు, పూరేడుకు దాక్కోను గడ్డి లేదు.

అలాగని మన దగ్గర తప్పేమీ లేదని చెప్పుకుంటే అది కూడా నిజం కాదు. ఉచ్చులు ఉన్నాయి. పెంపుడు పుంజును దీమంగా కట్టి అడవి పుంజును పట్టడం ఉంది. ఒకప్పుడు పండక్కి ఒకటి పట్టేవాళ్లు. ఇప్పుడు రోడ్డు మీద కారు ఆపి "అడవికోడి ఉందా?" అని అడిగే టౌను వాళ్ల కోసం పడుతున్నారు. తినేవాడు డబ్బిచ్చి వెళ్లిపోతాడు, కేసు పడేది మన పిల్లవాడి మీద. ఇప్పపువ్వు కాలంలో చెట్టు కింద ఆకు తగలబెట్టడం కూడా ఉంది. అది సరిగ్గా అడవికోడి గుడ్లు పెట్టే కాలం. మార్చి నుంచి మే దాకా దాని గూళ్లు నేల మీదే ఉంటాయి. విశాఖ మన్యంలో ఇటుకల పండుగ వేట కూడా అదే రోజుల్లో వస్తుంది. ఈ సంగతులు బయటివాడు మాట్లాడితే అవమానంలా ఉంటాయి. అందుకే మనమే మాట్లాడుకోవాలి.

ఇలా మాట్లాడుకున్న ఊరు ఒకటుంది. నాగాలాండ్‌లో కోహిమా దగ్గర ఖొనోమా. అంగామి నాగాల ఊరు. 1879-80లో బ్రిటిష్ సైన్యానికి ఎదురు నిలిచిన ఊరు. వేట వాళ్ల గౌరవంలో భాగం. ఆ కొండల్లో బ్లిత్స్ ట్రాగోపాన్ అనే అడవికోడి జాతి పిట్ట ఉంది. ఎర్రటి మెడ, పసుపు ముఖం, ఆ రాష్ట్ర పక్షి కూడా అదే. 1993లో ఒక్క వారం వేటలో దాదాపు 300 ట్రాగోపాన్లు చచ్చాయని ఆ ఊరి గురించి చెప్పుకుంటారు. ఆ దెబ్బతో ఊళ్లో కొందరు ఆలోచనలో పడ్డారు. ఏళ్ల తరబడి వాదనలు జరిగాయి. వేట మానితే మనం నాగాలమెలా అవుతామని అడిగినవాళ్లూ ఉన్నారు. చివరికి 1998లో గ్రామ మండలి సుమారు 20 చదరపు కిలోమీటర్ల అడవిని తమ సొంత అభయారణ్యంగా ప్రకటించింది. ఊరి నేలంతా వేట నిషేధించింది. కాపలా కాసేది ఊరి యువకులే, జరిమానా వేసేది ఊరే. ఇప్పుడు ఆ పిట్టను చూడ్డానికి దూరదూరాల నుంచి మనుషులు ఆ ఊరికి వెళ్తున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అక్కడ భూమి ఊరిది, వంశాలది. రాజ్యాంగంలోని 371ఏ అధికరణ వాళ్ల ఆచార చట్టానికి, భూమికి రక్షణ ఇస్తుంది. నేల చేతిలో ఉంది కాబట్టి నిర్ణయం చేతిలో ఉంది. నిర్ణయం వాళ్లది కాబట్టి నిషేధం నిలబడింది. అదే నిషేధం పైనుంచి వచ్చి ఉంటే? మన దగ్గర పైనుంచి వచ్చిన నిషేధాలు ఎలా నడుస్తున్నాయో మీకు తెలుసు.

నిషేధం ఒక్కటే చాలదనడానికి ఇంకో ఉదాహరణ అమెరికాలో ఉంది. అక్కడ బాబ్‌వైట్ అనే పూరేడు జాతి పిట్ట ఉంది. దాని సంఖ్య పడిపోతోందని 1924లో జార్జియా, ఫ్లోరిడా సరిహద్దులోని వేట ఎస్టేట్ల యజమానులు కంగారుపడి, హెర్బర్ట్ స్టోడార్డ్ అనే ఆయన చేత అధ్యయనం చేయించారు. 1931లో ఆయన పుస్తకం వచ్చింది. ఆయన తేల్చింది అటవీ అధికారులకు మింగుడు పడలేదు. అడవిలో నిప్పు పూర్తిగా ఆపేయడం వల్లే గడ్డి, పొద మూసుకుపోయి పిట్టకు చోటు లేకుండా పోతోందని ఆయన చెప్పాడు. చిన్న చిన్న ముక్కలుగా, సరైన కాలంలో నిప్పు పెట్టడం అక్కడి మూలవాసులకు తరతరాలుగా తెలిసిన పని. దాన్ని నేరం చేసి, తర్వాత దాన్నే సైన్సుగా తిరిగి నేర్చుకున్నారు. ఇప్పుడు అక్కడ రైతులు, వాలంటీర్లు కలిసి పద్ధతి ప్రకారం నిప్పు పెడుతున్నారు, గడ్డి విత్తనాలు చల్లుతున్నారు. అయినా 1966 నుంచి చూస్తే ఆ పిట్ట 80 శాతానికి పైగా తగ్గింది. చెడిన నేలను బాగు చేయడం అంత కష్టం. ఆలస్యం చేస్తే ఇంకా కష్టం.

మనకు దగ్గర్లోనూ ఇదే జరిగింది. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు 'తరగు బెంకి' అని ఎండుటాకుకు చిన్న నిప్పు పెట్టేవాళ్లు. అభయారణ్యం వచ్చాక దాన్ని ఆపారు. ఆ తర్వాతే లాంటానా అడవంతా కమ్మేసిందని సోలిగ పెద్దలు చెబుతారు. లాంటానా అంటే మన దగ్గర పులికంప, తలంబ్రాల చెట్టు అని పిలిచేది. తోటల అందం కోసం తెల్లవాళ్లు తెచ్చిన మొక్క. దేశంలో పులులుండే అడవుల్లో 40 శాతానికి పైగా నేలను అది ఆక్రమించిందని 2020లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అది కమ్మిన చోట గడ్డి రాదు, దుంప రాదు, వెదురు మొలవదు. 2011లో అదే సోలిగలు పులుల రిజర్వులోనే సామాజిక అటవీ హక్కులు సాధించారు.

మరి మన చేతిలో ఏముంది? 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. చాలామందికి అది పోడు పట్టా చట్టంగానే తెలుసు. సెక్షన్ 3(1)(ఐ) చదవండి. ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్న అడవిని రక్షించుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభది. సెక్షన్ 5 చదవండి. అడవిని, వన్యప్రాణుల్ని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. నిబంధన 4(1)(ఈ) ప్రకారం దానికోసం గ్రామసభ తన సభ్యులతోనే కమిటీ వేసుకోవచ్చు. క్లెయిము ఫారం సి. వేట హక్కును మాత్రం ఈ చట్టం ఇవ్వలేదు. సెక్షన్ 3(1)(ఎల్)లో దాన్ని స్పష్టంగా మినహాయించారు. ఈ సంగతి కూడా మన పిల్లలకు చెప్పాలి, తెలియక కేసుల్లో ఇరుక్కోకుండా.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పట్టాలు చాలావరకు గ్రామసభలకు కాకుండా అటవీ శాఖ నడిపే వన సంరక్షణ సమితుల పేరు మీద ఇచ్చారు. మీ ఊరి పట్టా ఎవరి పేరు మీద ఉందో ముందు చూడండి.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న అడుగుతారు, అడగాలి. "అడవి తోటలకిచ్చి, గనులకిచ్చి పాడు చేసింది వాళ్లు. ఊరికే పని చేసి బాగు చేయాల్సింది మేమా?" న్యాయమైన ప్రశ్న. 1922లో మన్యం తిరగబడింది దేనికి? పోడు మీద, అడవి మీద ఆంక్షలు ఒక కారణం. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు రోడ్డు పనికి మన వాళ్లతో సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించడం ఇంకో కారణం. ఆ వెట్టి జ్ఞాపకం మన రక్తంలో ఉంది. కాబట్టి గీత స్పష్టంగా గీసుకుందాం. ఏం పని చేయాలో, ఎప్పుడు చేయాలో, దాని ఫలం ఎవరిదో గ్రామసభ నిర్ణయిస్తే అది మన పని. రేంజరు చెప్పి, ఫొటో తీసుకుని, బిల్లు ఇంకొకరి పేరు మీద పెడితే అది వెట్టి. ఆ రెండోదానికి ఒక్క పూట కూడా వెళ్లొద్దు. ఉపాధి హామీలో పెట్టగలిగిన పనులుంటే గ్రామసభ తీర్మానంతో పెట్టించండి, కూలి తీసుకోండి.

రెండో భయం ఇంకా పెద్దది. "పిట్టలు పెరిగితే ఇది అభయారణ్యం అంటారు, మమ్మల్ని లేపేస్తారు." ఊళ్లు లేచిపోయిన చోట్లు చూశాం కాబట్టి ఈ భయం ఊరికే వచ్చింది కాదు. కానీ చట్టం ఏమంటోందో చూడండి. కీలక వన్యప్రాణి ఆవాసం పేరుతో హక్కులు మార్చాలంటే, సెక్షన్ 4(2) ప్రకారం మనుషులు, జంతువులు కలిసి బతకడం సాధ్యం కాదని ప్రభుత్వం తేల్చాలి, గ్రామసభ రాతపూర్వక సమ్మతి కూడా ఉండాలి. మన ఊరి హద్దులో మనం ఉండగానే అడవికోళ్లు పెరిగాయని ఏళ్ల వారీగా రాసిన పుస్తకం మన చేతిలో ఉంటే, కలిసి బతకడం సాధ్యం కాదని ఎవడు తేల్చగలడు? ఆ పుస్తకం మనకు డాలు. లెక్క లేనివాడి నోటి మాట కోర్టులో నిలవదు.

అందుకే మొదటి పని లెక్క. ఊరి చుట్టూ ఐదారు చోట్లు గుర్తు పెట్టుకోండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పదిహేను రోజులకోసారి తెల్లారుజామున ఆ చోట్ల పది నిమిషాలు కూర్చోండి. ఎన్ని పుంజులు కూశాయో, ఏ దిక్కున కూశాయో రాయండి. తేదీ, పేరు, సంతకం. ఇప్పపువ్వుకు వెళ్లే అక్కలకు ఎవరికన్నా ఎక్కువ తెలుసు, వాళ్లను కమిటీలో పెట్టండి. గూడు కనిపిస్తే ముట్టుకోవద్దు. గుడ్లను కదిలించడం కూడా చట్టంలో వేట కిందికే వస్తుంది.

రెండోది నిప్పు. ఇప్పచెట్టు కింద ఆకు తగలబెట్టడం మానేసి చీపురుతో ఊడ్చండి, లేకపోతే చీరో వలో కట్టండి. పువ్వు శుభ్రంగా వస్తుంది, సంతలో రేటూ బాగుంటుంది. వేసవికి ముందే ఊరి హద్దులో అగ్గి గీతలు తీయండి. పాత పద్ధతి చిన్న నిప్పు మన పెద్దలకు తెలిసిన విద్యే కానీ, ఈరోజు రిజర్వు అడవిలో నిప్పు పెడితే కేసు. ఆ విద్యను నిర్వహణ ప్రణాళికలో రాయించి, ఆ తర్వాతే వాడాలి.

మూడోది పులికంప. ఒకేసారి అంతా నరకొద్దు, ఎందుకంటే వేరే పొద లేని చోట అడవికోడి దాని కిందే దాక్కుంటుంది. ముక్కలు ముక్కలుగా, గూళ్ల కాలం దాటాక, మొదటి వానలకు నేల మెత్తబడినప్పుడు తీయండి. పైపైన కొడితే రెట్టింపు చిగురిస్తుంది. నేల లోపల మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల కింద మొదలు నరికి, మొక్కను తలకిందులు చేసి ఎండబెట్టాలి. ఖాళీ అయిన చోట వెంటనే పరికి, రేగు, బలుసు, నేరేడు, వెదురు పెట్టండి. ఖాళీగా వదిలితే మళ్లీ అదే వస్తుంది. రెండు మూడేళ్లు వెనక్కి వెళ్లి మొలకలు పీకాలి. ఒకరోజు పని కాదు ఇది.

నాలుగోది మన చేను. సామ, కొర్ర, చోడి వేసే చోట గట్లకు, అంచులకు మందు కొట్టొద్దు. రెండు బారల వెడల్పు గడ్డి వదిలితే కౌజుకూ పూరేడుకూ చాలు.

ఐదోది మన ఇంటి కోళ్లు. కొక్కెర తెగులు ఇంటి కోళ్ల నుంచి అడవికోళ్లకు అంటుకోవచ్చు. పశువుల ఆస్పత్రిలో టీకా అడిగి ఊరంతా ఒకేరోజు వేయించండి. మన కోళ్లూ బతుకుతాయి. గూళ్ల కాలంలో కుక్కల్ని అడవికి వదలొద్దు.

ఆరోది ఉచ్చు. ఇది ఊరి పెద్దలతో కూర్చుని తేల్చాల్సింది. మార్చి నుంచి వానాకాలం దాకా ఉచ్చు లేదు, బయటివాడికి అమ్మకం ఎప్పుడూ లేదు అనే రెండు మాటల తీర్మానంతో మొదలుపెట్టండి. పండుగ వేట సంగతి పూజారి, పెద్దలు నిర్ణయించాలి. మొక్కు ఎలా తీర్చాలో చెప్పే అధికారం వాళ్లకుంది, అటవీ శాఖకు లేదు, ఈ వ్యాసానికీ లేదు.

ఇవన్నీ చేసినా వచ్చే ఏడాదికే కొండలన్నీ కూతలతో నిండవు. జామాయిల్ తోటలు అలాగే ఉంటాయి, వాటి మీద కొట్లాట అలాగే సాగాలి. అడవికోడి పేరు చెప్పి ఆ కొట్లాట మానమని ఎవరైనా అంటే నమ్మొద్దు. కానీ కొట్లాట చేసేవాడి చేతిలో బాగుపడిన ఒక కొండ ఉంటే ఆ కొట్లాటకు బలం వేరు. "మీ తోటలో ఎన్ని గూళ్లు? మా అడవిలో ఇన్ని" అని అడగగలగాలి.

వచ్చే గ్రామసభలో మూడు సంగతులు ఎజెండాలో పెట్టించండి. సామాజిక అటవీ వనరుల క్లెయిము ఎక్కడ ఆగింది, నిబంధన 4(1)(ఈ) కమిటీలో ఎవరెవరు, తెల్లారుజామున లెక్కకు ఎవరు వెళ్తారు. సగం మంది సభ్యులు ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి, లేకపోతే కోరం లేదంటారు. తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, ఒక కాపీ దగ్గర ఉంచుకోండి. లెక్క పుస్తకం ఒకటి కొనండి. మొదటి పేజీలో మీ ఊరి పేరు, మీ అడవి హద్దులు రాయండి.

జై ఆదివాసీ.